దుమ్మును లెక్కపెట్టే గది: క్లీన్ రూమ్ చరిత్రలో మన చోటెక్కడ?



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చుని చదవండి. ఐటీఐ, డిప్లొమా, బీఫార్మసీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ మాత్రం చివరిదాకా తప్పకుండా చదవాలి.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 కొత్త పారిశ్రామిక నగరాలకు ఆమోదం ఇచ్చింది. అందులో రెండు మన సీమవే. ఒకటి కర్నూలు పక్కన ఓర్వకల్లు, 2,621 ఎకరాలు. ఇంకోటి కడప పక్కన కొప్పర్తి, 2,596 ఎకరాలు. 2025 జనవరిలో ఇండిచిప్ అనే కంపెనీ జపాన్ భాగస్వామితో కలిసి ఓర్వకల్లులో సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాక్టరీ పెడతామని రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 14,000 కోట్ల రూపాయల పెట్టుబడి అన్నారు. కట్టడం, కట్టకపోవడం కాలమే చెప్పాలి. మన తండాల్లో, గూడేల్లో మాత్రం అప్పుడే ఒక ప్రశ్న మొదలైంది: "మన పిల్లోళ్లకు దాంట్లో ఏమన్నా పని దొరుకుతాదా?"

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు చిప్పుల ఫ్యాక్టరీ లోపల ఏముంటుందో తెలియాలి. చిప్పులే కాదు, ఇంజెక్షన్ మందులు, టీకాలు, ఉపగ్రహాలు, అన్నీ తయారయ్యేది ఒకే రకం గదిలో. దాన్నే క్లీన్ రూమ్ అంటారు. ఆ గది ఎట్లా పుట్టింది, ఎట్లా కడతారు, ఎట్లా కాపాడతారు, అందులో మనలాంటి వాళ్లు ఎక్కడున్నారు అన్నదే ఈ పోస్టు.

మొదట లెక్క చూద్దాం. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. క్లీన్ రూమ్‌లో లెక్కపెట్టేది 0.5 మైక్రాన్, అంతకంటే పెద్ద కణాలను. అంటే వెంట్రుకను అడ్డంగా 140 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత. మామూలు గదిలో ఒక ఘనపు మీటరు గాలిలో ఇట్లాంటివి కోట్లలో ఉంటాయి. ఇంజెక్షన్ సీసా నింపే చోట 3,520కి మించకూడదు. దీన్ని ఐఎస్ఓ 5 తరగతి అంటారు. తరగతి అంకె ఎంత తగ్గితే గాలి అంత శుభ్రం. చిప్పుల పనిలో ఇంకా కింది తరగతులు కావాలి, ఎందుకంటే చిప్పు మీద గీసే గీతల కంటే దుమ్ము కణమే పెద్దది. సన్నటి బాట మీద గుండు పడినట్టు ఆ గీత మూసుకుపోతుంది, చిప్పు చెడిపోతుంది.

ఇంత సన్నటి దుమ్మును ఆపే ఫిల్టర్ యుద్ధంలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో అణుబాంబు తయారుచేసేటప్పుడు రేడియోధార్మిక ధూళి బయటికి పోకుండా పట్టడానికి ఒక కాగితం లాంటి ఫిల్టర్ తయారుచేశారు. దాన్నే తర్వాత హెపా ఫిల్టర్ అన్నారు. 0.3 మైక్రాన్ కణాలు పదివేలు వస్తే 9,997 ఆపాలన్నది దాని కొలత. చాలామంది ఇది జల్లెడ లాంటిది అనుకుంటారు. కాదు. సన్నటి గాజు నారలు చిక్కగా అల్లుకున్న చాప అనుకోండి. పెద్ద కణాలు మలుపు తిరగలేక నారకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలిలో అటూ ఇటూ తడబడుతూ పోయి నారకు అంటుకుంటాయి. మధ్యలో ఉన్న 0.3 మైక్రాన్ దగ్గరవే పట్టుకోవడానికి కష్టం. అందుకే పరీక్ష ఆ సైజుతోనే పెడతారు.

ఫిల్టర్ ఉన్నా 1950ల్లో గదులు శుభ్రంగా ఉండేవి కావు. గాలి ఒక మూల నుంచి వచ్చి గదంతా సుడులు తిరిగేది. మనిషి కదిలితే లేచిన దుమ్ము గదిలోనే తిరుగుతూ ఉండేది. ఎంత తుడిచినా లాభం లేదు. దీనికి దారి చూపించింది విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త. ఓక్లహోమాలో పత్తి రైతు కొడుకు. న్యూ మెక్సికోలోని శాండియా ప్రయోగశాలలో పనిచేసేవాడు. 1962లో ఆయన బయటపెట్టిన ఆలోచన వింటే మన అమ్మలు, అవ్వలు నవ్వుతారు, ఎందుకంటే అది కళ్లంలో వాళ్లు చేసే పనే.

తూర్పారబట్టేటప్పుడు ఏం చూస్తాం? గాలి ఒకే దిక్కుకు నిలకడగా వీయాలి. అప్పుడే పొట్టు అవతల పడుతుంది, గింజ ఇవతల పడుతుంది. సుడిగాలి వచ్చిందంటే చేట దించేస్తారు, పొట్టు మళ్లీ గింజలోనే కలుస్తుంది కాబట్టి. విట్‌ఫీల్డ్ చేసింది అదే. గాలిని ఫిల్టర్లలోంచి నెమ్మదిగా, ఒకే దిక్కుకు, పై నుంచి కిందికి పంపాడు. నేల జల్లెడలా ఉంటుంది, దుమ్మంతా గాలితోపాటు అందులోంచి దిగిపోతుంది. గది తనను తాను ఊడ్చుకుంటూనే ఉంటుంది. అప్పటిదాకా ఉన్న గదుల కంటే ఇది వెయ్యి రెట్లు శుభ్రం. కణాలు లెక్కపెట్టే యంత్రం చూపిన అంకె నమ్మలేక, యంత్రమే చెడిపోయిందని అనుకున్నారట. 1964లో ఆయనకు పేటెంట్ వచ్చింది. ఈరోజుకీ ఐఎస్ఓ 5 గదుల్లో గాలి సెకనుకు సుమారు 0.45 మీటరు వేగంతో ఇట్లాగే దిగుతుంది. చదువులేని మన అవ్వకు తెలిసిన గాలి గుణమే అక్కడ పేటెంట్ అయ్యింది. తేడా ఎక్కడంటే, ఆయన దాన్ని కొలిచాడు, రాశాడు, గీసి చూపించాడు.

1963లో అమెరికా ప్రభుత్వం క్లీన్ రూమ్‌లకు మొదటి ప్రమాణం రాసింది. దాని పేరు ఫెడరల్ స్టాండర్డ్ 209. 1999లో ప్రపంచమంతటికీ ఐఎస్ఓ 14644 వచ్చింది. ఈ రెండు తేదీల దగ్గర మనం కొంచెంసేపు ఆగాలి. ఎందుకంటే ఇక్కడ 'శుభ్రం' అనే మాటకు అర్థమే మారిపోయింది.

మన దేశంలో శుభ్రం అంటే పుట్టుక. ఏ ఇంట్లో పుట్టినావు, ఏం తింటావు, ఏం పని చేస్తావు అన్నదాన్ని బట్టి నువ్వు శుభ్రమా మురికా అని తేల్చేవాళ్లు. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా చేర్చారు. ఎరుకలవాళ్లను ఆ జాబితాలో పెట్టి, సెటిల్‌మెంట్లలో ఉంచి, హాజరు వేయించుకుని, 'బాగుచేస్తున్నాం' అన్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది, ఆ చూపు మాత్రం పోలేదు. స్కూల్లో వెనక బెంచీలో కూర్చోబెట్టడం, గ్లాసు వేరుగా పెట్టడం, "తండాలోళ్లు స్నానం చెయ్యరు" అనే మాటలు మనలో చాలామంది విన్నవే.

క్లీన్ రూమ్‌లో ఇది నడవదు. అక్కడ శుభ్రం అంటే ఒక అంకె. ఘనపు మీటరుకు ఎన్ని కణాలు, అంతే. ఇంకో సంగతి, క్లీన్ రూమ్‌లో అన్నిటికంటే ఎక్కువ మురికి తెచ్చేది మనిషే. ఏ మనిషైనా సరే. కదలకుండా కూర్చున్నా ఒంటి చర్మం నుంచి, బట్టల నుంచి నిమిషానికి లక్ష దాకా కణాలు రాలుతాయి. నడిస్తే లక్షలు దాటుతాయి. కంపెనీ ఎండీ అయినా, తుడిచే మనిషి అయినా యంత్రం ముందు ఒకటే. ఇద్దరూ అదే టోపీ, అదే మాస్కు, అదే తెల్ల బట్ట వేసుకోవాలి. లోపలికి పోయినాక కళ్లు తప్ప ఏమీ కనపడవు. కులం దుమ్ములో ఉండదని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు కనపడలేదు.

ఇప్పుడు గదిని ఎట్లా కడతారో చూద్దాం. దీన్ని కంఠస్థం చేయొద్దు, కారణంతో అర్థం చేసుకోండి. ఇంటర్వ్యూలో అడిగేది కారణమే.

గోడ, నేల కలిసే చోట మూల ఉండదు, గుండ్రంగా తిప్పేస్తారు. మూలలో దుమ్ము దాక్కుంటుంది, గుడ్డ అందదు. కిటికీకి గట్టు ఉండదు, దీపం పైకప్పులో సమానంగా కూర్చుంటుంది. ఎక్కడ గట్టు ఉంటే అక్కడ దుమ్ము నిలుస్తుంది. నేల మీద అతుకుల్లేని ఎపాక్సీ పూత పోస్తారు. లోపలి గది గాలి ఒత్తిడి బయటి గది కంటే 10 నుంచి 15 పాస్కల్ ఎక్కువ ఉంచుతారు. ఇది ఎంత చిన్నదంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి లక్ష పాస్కల్ పైన. అయినా ఆ చిన్న తేడా చాలు, తలుపు తెరిచినప్పుడు గాలి లోపలి నుంచి బయటికే పోతుంది, బయటి దుమ్ము లోపలికి రాదు. రెండు గదుల మధ్య ఎయిర్ లాక్ ఉంటుంది. ఒక తలుపు మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. మన సీమలో ఎండాకాలం దుమారం లేచినప్పుడు ఇంట్లో వంట పాత్రల మీద కూడా ఎర్రమట్టి పేరుకోవడం మనకు తెలుసు కదా. అట్లాంటి గాలి నుంచి ఓర్వకల్లులో ఒక గదిని కాపాడాలంటే బయట ముందు ఫిల్టర్లు ఎన్ని పొరలు పెట్టాలి, ఎన్ని రోజులకు మార్చాలి అన్నది పెద్ద లెక్కే అవుతుంది. ఈ గాలి గుణం తెలిసిన స్థానికుడి మాటకు అక్కడ విలువ ఉంటుంది, ఆ మాటను కొలతల్లో చెప్పగలిగితే.

కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకో ఎత్తు. గది కట్టిన రోజు ఉన్న శుభ్రం రోజూ పని చేస్తేనే నిలబడుతుంది. లోపలికి పోయేవాళ్లు బట్టలు పై నుంచి కిందికి వేసుకుంటారు, ముందు టోపీ, తర్వాత మాస్కు, ఒళ్లంతా కప్పే బట్ట, చివరికి బూట్లు. బట్ట నేలకు తగలకూడదు. పౌడరు, కాటుక, గాజులు, ఉంగరాలు ఉండవు. మామూలు కాగితం, పెన్సిలు తీసుకుపోకూడదు, వాటి నుంచి నలుసు రాలుతుంది. తుడిచేటప్పుడు పై నుంచి కిందికి, శుభ్రమైన చోటు నుంచి మురికి చోటుకు, ఒకే దిక్కుకు తుడవాలి. గుండ్రంగా రుద్దితే మురికిని తిప్పి తిప్పి పూసినట్టే. తుడిచే ఆల్కహాల్ నూటికి 70 పాళ్లే ఉంటుంది, మిగతాది నీళ్లు. ఎందుకంటే నీళ్లు కలిసినప్పుడే అది సూక్ష్మజీవి లోపలికి బాగా దిగుతుంది, చప్పున ఆరిపోదు. హెపా ఫిల్టర్‌కు చిల్లు ఉందా అని సన్నటి నూనె పొగ పంపి పరీక్షిస్తారు. గాలి ఎటు పోతోందో చూడటానికి పొగ వదిలి వీడియో తీస్తారు. ప్రతి పనీ ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు అని రాసి సంతకం పెట్టాలి. రాయని పని చేయని పని కిందే లెక్క.

గమనించారా, ఇక్కడ తుడవడం కూడా శిక్షణ పొందిన పని. దానికి రాసిపెట్టిన పద్ధతి ఉంది, పరీక్ష ఉంది. అదే తుడిచే పనిని బయట రోడ్డు మీద, ఆస్పత్రిలో చేసేవాళ్లకు గ్లౌజులు కూడా సరిగ్గా ఇవ్వరు. పని ఒకటే. ఎవరు చేస్తారన్నదాన్ని బట్టి కాకుండా, ఎంత అవసరమన్నదాన్ని బట్టి విలువ కడితే అది ఎట్లా ఉంటుందో క్లీన్ రూమ్ చూపిస్తుంది.

మన తెలుగు నేల మీద ఈ చరిత్ర హైదరాబాద్ మందుల కంపెనీలతో పెరిగింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ అక్కడ మందుల ఫ్యాక్టరీ పెట్టింది. అందులో పనిచేసిన వాళ్లే తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కె. అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవాడే. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను దేశంలోనే తయారుచేసి, విదేశీ టీకా ధరలో చిన్న వంతుకు అమ్మింది. 2021లో భారత్ బయోటెక్ కోవాక్సిన్ వచ్చింది. దీని తయారీలో బతికున్న వైరస్‌ను పెంచి తర్వాత చంపుతారు కాబట్టి, వైరస్ ఉన్న గదిలో ఒత్తిడి తలకిందులు. బయట ఎక్కువ, లోపల తక్కువ. లోపలి గాలి బయటికి రాకూడదు. ఏది దేన్నుంచి కాపాడాలి అన్నదాన్ని బట్టి గాలి దిక్కు మారుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పని పడుతుంది.

ఇంకో క్లీన్ రూమ్ శ్రీహరికోటలో ఉంది. రాకెట్ మీద పెట్టేముందు ఉపగ్రహాన్ని అక్కడ సిద్ధం చేస్తారు. 1969లో ఆ ద్వీపాన్ని రాకెట్ కేంద్రం కోసం ఎంచుకున్నారు, 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అది యానాదుల నేల. తరతరాలుగా ఆ అడవిలో దుంపలు, తేనె, మందు మూలికలు సేకరించుకుని, చుట్టూ ఉన్న నీళ్లలో చేపలు పట్టుకుని బతికినవాళ్లలో చాలామంది ఆ ద్వీపం వదలాల్సి వచ్చింది. దేశానికి రాకెట్లు కావాలి, మేం కాదనం. కానీ ఆ గది లోపల ఎంతమంది యానాది ఇంజనీర్లు ఉన్నారు అని అడిగే హక్కు మనకుంది.

ఇప్పుడు సముద్రాలు దాటి ఒక కథ. అమెరికాలో న్యూ మెక్సికోలోనే షిప్‌రాక్ అనే ఊరుంది. అది నవాహో ఆదివాసుల నేల. సిలికాన్ వ్యాలీని పుట్టించిన కంపెనీల్లో ఒకటైన ఫెయిర్‌చైల్డ్ 1965లో అక్కడ చిప్పులు జోడించే ఫ్యాక్టరీ పెట్టింది. శిక్షణ ఖర్చులో ప్రభుత్వం సాయం చేసింది. ఒక దశలో వెయ్యి మందికి పైగా పనిచేశారు, ఎక్కువమంది నవాహో ఆడవాళ్లు. మైక్రోస్కోపు కింద చూస్తూ వెంట్రుకకంటే సన్నని తీగలు అతికించేవాళ్లు. కంపెనీ ఒక పుస్తకం అచ్చేసి, నవాహో ఆడవాళ్లు నేసే కంబళి పక్కన చిప్పు బొమ్మ పెట్టి, రెండూ ఒకేలా ఉన్నాయని గొప్పగా చెప్పుకుంది. వీళ్ల వేళ్లకు ఈ పని పుట్టుకతో వచ్చిందన్నట్టు.

పొగడ్తలాగే ఉంది కదా. నైపుణ్యాన్ని పుట్టుకతో వచ్చినదని అంటే దానికి జీతం పెంచక్కర్లేదు. 1975 ఫిబ్రవరిలో కంపెనీ కొందరిని పనిలోంచి తీసేసింది. అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ వాళ్లు తుపాకులతో వచ్చి వారం రోజులు ఫ్యాక్టరీని ఆక్రమించారు. తర్వాత కంపెనీ మూసేసి వెళ్లిపోయింది. హాంకాంగ్‌లో దానికి అప్పటికే ఇంకో ఫ్యాక్టరీ ఉంది. షిప్‌రాక్‌లో మిగిలింది ఖాళీ బిల్డింగు. డిజైన్ కాలిఫోర్నియాలో ఉంది, నిర్ణయం కాలిఫోర్నియాలో ఉంది. నవాహో ఆడవాళ్ల దగ్గర ఉన్నది చేతి పని ఒక్కటే.

రేపు ఎవరైనా వచ్చి మన సుగాలి అక్కల అద్దాల కుట్టుపని చూసి, "మీ చేతులు చిప్పుల పనికి సరిగ్గా సరిపోతాయి" అంటే సంతోషపడదాం, కానీ షిప్‌రాక్ మర్చిపోవద్దు. "సరే సార్, మరి డిజైన్ ఎవరు నేర్పిస్తారు, సూపర్‌వైజర్ ఎప్పుడు చేస్తారు" అని అడగాలి.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. క్లీన్ రూమ్ ఎవర్ని కాపాడుతుంది? చిప్పుల గది కట్టింది చిప్పును మనిషి నుంచి కాపాడటానికి. మనిషిని చిప్పు రసాయనాల నుంచి కాపాడటానికి కాదు. హెపా ఫిల్టర్ దుమ్మును ఆపుతుంది, రసాయనాల ఆవిరిని ఆపదు. దక్షిణ కొరియాలో శామ్‌సంగ్ చిప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక టాక్సీ డ్రైవర్ కూతురు 2007లో 22 ఏళ్లకే రక్త క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ తండ్రి, ఆయన వెంట మిగతా కుటుంబాలు పదేళ్లకు పైగా పోరాడితే 2018 నవంబర్లో కంపెనీ క్షమాపణ చెప్పి పరిహారానికి ఒప్పుకుంది. ఆ గది ప్రపంచంలో శుభ్రమైన గదుల్లో ఒకటి, దుమ్ము లెక్కలో.

ఇంకా దగ్గరగా చూద్దాం. చిప్పు పుట్టేది సిలికాన్ నుంచి, సిలికాన్ పుట్టేది పలుగురాయి నుంచి. ఆ పలుగురాయిని పిండి చేసే మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లో అదే సిలికా ధూళి చేరి సిలికోసిస్ వస్తుంది. ఆ జబ్బుకు నయం లేదు. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే ఆ ధూళి కొన్ని మైక్రాన్లు మాత్రమే, క్లీన్ రూమ్ లెక్కపెట్టే కణాల జాతే. ఒక చోట దాన్ని ఆపడానికి కోట్లు పెడతారు, ఇంకో చోట ముఖానికి తువ్వాలు కట్టుకోమంటారు. కణాన్ని లెక్కపెట్టడం, ఆపడం మనుషులకు తెలియక కాదు. 1962 నుంచి తెలుసు. ఎవరి కోసం ఖర్చు పెట్టాలి అన్నదే తేలలేదు.

అందుకే మా అభిప్రాయం ఇది. గేటు దగ్గర సెక్యూరిటీ, క్యాంటీన్, గార్డెన్ పనులు మాత్రమే మనకు అని ఎవరూ ముందే తీర్మానించకూడదు, మనమూ తీర్మానించుకోకూడదు. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడు తీసుకున్నవాళ్లు ఏసీ రిపేరు దగ్గర ఆగొద్దు. క్లీన్ రూమ్ గుండెకాయ ఆ గాలి యంత్రమే. డిప్లొమా మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు ఐఎస్ఓ 14644 అంటే ఏమిటో చదవండి. బీఫార్మసీ వాళ్లు ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎం చదవండి. 2023 డిసెంబరులో దాన్ని పూర్తిగా మార్చారు కాబట్టి పాత నోట్సు పనికిరాదు. ఫిల్టర్ పరీక్ష, కణాల లెక్క, గది వాలిడేషన్, ఇవన్నీ నేర్చుకోగలిగిన పనులు. నేర్చుకున్నాక ఏ ఊరి ఫ్యాక్టరీకైనా పనికొస్తాయి, ఒక కంపెనీ మూసేసినా చేతిలో మిగులుతాయి.

ఓర్వకల్లు, కొప్పర్తి మీద గ్రామసభల్లో, కలెక్టర్ ఆఫీసులో, శ్రీశైలం ఐటీడీఏలో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు రాసి ఇవ్వండి. మా పిల్లలకు శిక్షణ ఏ స్థాయి దాకా ఇస్తారు, ఆపరేటర్ దాకానా ఇంజనీర్ దాకానా? లోపలి రసాయనాల జాబితా కార్మికులకు చెప్తారా, ఏటా ఆరోగ్య పరీక్ష చేసి రిపోర్టు చేతికిస్తారా? వాడే నీళ్లు ఎక్కడివి, వాడాక ఎక్కడికి వదులుతారు? మూడోది మరీ ముఖ్యం. చిప్పుల ఫ్యాక్టరీ నీళ్లు విపరీతంగా తాగుతుంది, మన సీమలో బోరు ఎండితే తండా ఖాళీ అవుతుంది.

మీలో ఎవరైనా ఇప్పటికే ఫార్మా కంపెనీల్లో, టీకా కంపెనీల్లో గౌనింగ్ చేసి లోపలికి పోతున్నవాళ్లు ఉంటే, అక్కడి పని గురించి కింద రాయండి. కంపెనీ పేరు అక్కర్లేదు. ఏ చదువుతో చేరారు, మొదట ఏం నేర్పారు, ఏది కష్టంగా ఉంది, ఇవి చాలు. ఈ సంవత్సరం ఐటీఐలో చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అది పనికొస్తుంది.

జోహార్. జై సేవాలాల్.